బయోమెడికల్ ఇంజినీరింగ్ మొదటి ఏడాది అయిపోయింది, ఏదీ లోతుగా రాలేదు: మిగతా మూడేళ్లు ఎలా చదవాలి?

మీరు అడిగింది ఇది: మొదటి ఏడాదిలో ఫిజియాలజీ కొంత, సర్క్యూట్లు కొంత, మెటీరియల్స్ కొంత, ప్రోగ్రామింగ్ కొంత చెప్పారు. దేని మీదా పట్టు చిక్కలేదు. ఎలక్ట్రికల్ వాళ్ల ముందు సర్క్యూట్లు రావు, వైద్య విద్యార్థుల ముందు శరీరం గురించి తెలియదు. బ్రాంచి మారిపోవాలా? ఉండిపోతే ఈ మూడేళ్లు ఏం చేయాలి?

మారనక్కర్లేదు. కానీ ఇలాగే అన్నీ సమానంగా చదువుకుంటూ పోతే నాలుగో ఏడాది చివర కూడా ఇదే మాట అంటారు. రెండో ఏడాది సగానికల్లా ఒక ఇంజినీరింగ్ దారిని ప్రధానంగా పట్టుకోండి. మూడో ఏడాది ముగిసేలోపు ఏదో ఒక్క పరికరాన్ని చర్మం మీది ఎలక్ట్రోడ్ నుంచి టెస్ట్ రిపోర్టు దాకా మీ చేతులతో చేసి చూడండి. ఈ రెండూ చేసినవాళ్లకు మిగతా సబ్జెక్టులు ఎక్కడ పనికొస్తాయో తెలుస్తుంది. చేయనివాళ్ల దగ్గర అవి విడివిడి నోట్సుగానే ఉండిపోతాయి.

మారడమే మేలనిపించే సందర్భాలు రెండున్నాయి. సర్క్యూట్లు, చిప్‌లు అంటే ప్రాణం, అవి వైద్యానికి పనికొచ్చినా రాకపోయినా మీకు ఒకటే అనుకుంటే ఎలక్ట్రికల్‌కు వెళ్లి, రెండు మూడు బయోమెడికల్ ఎలెక్టివ్‌లు తీసుకోండి. రోగికి నేరుగా చికిత్స చేయాలన్నదే అసలు కోరిక అయితే అది వైద్య విద్యలోనే తీరుతుంది, ఈ డిగ్రీ దానికి దగ్గరి దారి కాదు. ఈ రెండూ కాకుండా 'శరీరంలో జరిగేదాన్ని కొలవాలి, దెబ్బతిన్నదాన్ని సరిచేసే వస్తువు తయారుచేయాలి' అనిపిస్తుంటే మీరు సరైన చోటే ఉన్నారు.

దారి ఎంచుకోవడం

స్థూలంగా నాలుగు దారులు. పరికరాలు, సిగ్నల్స్ ఒకటి. ఇమేజింగ్, కంప్యుటేషన్ రెండోది. బయోమెకానిక్స్, బయోమెటీరియల్స్ మూడోది. కణాలు, కణజాలం నాలుగోది. 'ఏది బాగుంటుంది' అని అడిగితే తేలదు. 'ఏ రకం లెక్క ముందు గంటల తరబడి కూర్చోగలను' అని అడగండి. సిగ్నల్స్‌కు ఫూరియే, లాప్లాస్, ప్రాబబిలిటీ కావాలి. ఇమేజింగ్ అంటే నిలువెల్లా లీనియర్ ఆల్జీబ్రా. మెకానిక్స్‌కు డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, స్ట్రెస్ టెన్సర్, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. కణజాలం వైపు వెళ్తే లెక్కల భారం కొంత తగ్గుతుంది గానీ డిఫ్యూజన్, రియాక్షన్ రేట్లు, గణాంకాలు తప్పవు. పైగా మూడు వారాలు పెంచిన కల్చర్ ఒక్క రోజులో కలుషితమైపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓర్పు ఉండాలి.

ఏ దారి అయినా రెండో ఏడాదిలో గణితాన్ని వాయిదా వేయకండి. 'బయో' అనే మాట చూసి లెక్కలు తక్కువనుకుని చేరినవాళ్లు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్ దగ్గర ఆగిపోతారు. నిజానికి గణితమే ఈ చదువులోని ముక్కల్ని కలిపి పట్టుకునేది. ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపిస్తాను.

ఓటో ఫ్రాంక్ 1899లో ఇచ్చిన విండ్‌కెసెల్ నమూనా తీసుకోండి. పెద్ద ధమనులు సాగుతాయి, ఆ సాగే గుణాన్ని కెపాసిటర్ అనుకోండి. చిన్న నాళాలు ప్రవాహాన్ని అడ్డుకుంటాయి, అది రెసిస్టర్. గుండె పంపే రక్తం కరెంటు, పీడనం వోల్టేజీ. మీరు సర్క్యూట్ల క్లాసులో చేసిన ఆర్‌సీ లెక్కే ఇది. గుండె నిమిషానికి 5 లీటర్లు పంపుతుందంటే సెకనుకు సుమారు 83 మిల్లీలీటర్లు. బీపీ 120/80 అయితే సగటు పీడనం సుమారు 93 మిల్లీమీటర్ల పాదరసం. 93ని 83తో భాగిస్తే నిరోధం 1.12 వస్తుంది. కంప్లయన్స్ (ధమనుల సాగే గుణం, అంటే ఆ కెపాసిటర్ విలువ) 1.5 మిల్లీలీటర్లు ప్రతి మిల్లీమీటరుకు అనుకుంటే టైమ్ కాన్‌స్టెంట్ 1.7 సెకన్లు. గుండె కవాటం మూసుకున్నప్పుడు పీడనం 105 ఉందనుకోండి. అక్కడి నుంచి 0.5 సెకను పాటు అది ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గితే 78 దగ్గర ఆగుతుంది. కింది బీపీ 80 ఎందుకుంటుందో మీ కాగితం మీదే తేలింది.

ఇప్పుడు కంప్లయన్స్‌ను సగం చేయండి, అంటే వయసుతో ధమనులు గట్టిపడ్డాయన్నమాట. టైమ్ కాన్‌స్టెంట్ 0.84కు పడిపోతుంది, అదే 105 నుంచి అదే 0.5 సెకనులో పీడనం 58 దాకా దిగిపోతుంది. మరోవైపు గట్టి గొట్టంలోకి అంతే రక్తం నెడితే పై బీపీ ఇంకా పెరుగుతుంది. పెద్ద వయసులో పై బీపీకీ కింది బీపీకీ మధ్య తేడా పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఫిజియాలజీ, సర్క్యూట్లు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు అనే మూడు పేపర్లు ఒక్క లెక్కలో కలిశాయి. వారానికి ఒక్కటి చొప్పున ఇలాంటి లెక్క వేయండి. కణం లోపల పొటాషియం లీటరుకు 140, బయట 4 మిల్లీమోల్ అయితే, ఆ తేడా వల్ల కణం పొర మీద పుట్టే వోల్టేజీని లెక్కించే నెర్న్‌స్ట్ సమీకరణం 37 డిగ్రీల దగ్గర సుమారు మైనస్ 95 మిల్లీవోల్టులు ఇస్తుంది. అది వేశాక, రక్తంలో పొటాషియం 7కు పెరిగితే ఏమవుతుందో అదే సమీకరణంలో చూడండి. ఫిజియాలజీని బట్టీ పట్టే అవసరం చాలావరకు పోతుంది.

చేతితో చేయాల్సిన ఆ ఒక్క పరికరం

సిగ్నల్స్ దారికి నా సలహా ఈసీజీ యాంప్లిఫయర్. రెడీమేడ్ మాడ్యూల్ కొని బోర్డుకు తగిలిస్తే గంటలో తెర మీద గీత వస్తుంది గానీ మీకేమీ రాదు. విడి భాగాలతో కట్టండి. ఇందులో ప్రతి రెసిస్టర్ విలువకూ శరీరంలోనో, చర్మం దగ్గరో, భద్రతా ప్రమాణంలోనో ఒక కారణం ఉంటుంది. ఆ కారణాలు తెలుసుకోవడమే ఈ ప్రాజెక్టు.

ముందు సమస్యను అంకెల్లో రాసుకోండి. చర్మం మీద ఈసీజీ సుమారు 1 మిల్లీవోల్టు. ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య పుట్టే డీసీ తేడా 300 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చని డిజైన్‌లో లెక్కలోకి తీసుకుంటారు. అంటే కావలసిన సిగ్నల్‌కు 300 రెట్లు. దానికి తోడు గోడలోని కరెంటు తీగల నుంచి శరీరం మీదకు చేరే 50 లేదా 60 హెర్ట్జ్ గోల.

సప్లైకి రెండు 9 వోల్టుల బ్యాటరీలు పెట్టి ప్లస్, మైనస్ 9 తీసుకోండి. మొదటి దశకు ఏడీ620 లాంటి ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయర్. దాని గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో) 1 ప్లస్ 49.4 కిలో ఓములు భాగించు ఆర్‌జీ, అంటే గెయిన్‌ను నిర్ణయించే రెసిస్టర్. ఆర్‌జీకి 5.6 కిలో ఓములు పెడితే గెయిన్ 9.8. మొదటి దశలోనే వెయ్యి గెయిన్ పెట్టడం ఈ ప్రాజెక్టులో అందరూ చేసే తప్పు. 300 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్‌ను వెయ్యితో గుణిస్తే 300 వోల్టులు రావాలి, మీ సప్లై 9. అవుట్‌పుట్ ఒక అంచుకు అతుక్కుపోయి తెర మీద చదునైన గీత కనిపిస్తుంది. చిప్ కాలిపోయిందనుకుని మార్చేస్తుంటారు. చిప్‌కు ఏమీ కాలేదు. గెయిన్ 10 దగ్గర ఉంచితే ఆఫ్‌సెట్ 3 వోల్టులే, చోటు మిగులుతుంది.

తర్వాత ఆ డీసీని తీసేయాలి. 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 3.3 మెగా ఓముల రెసిస్టర్‌తో హై పాస్ ఫిల్టర్ కడితే కటాఫ్ 0.048 హెర్ట్జ్. కెపాసిటర్ ఫిల్మ్ రకానిదే కావాలి, ఎలక్ట్రోలైటిక్ పెడితే దాని లీకేజీ 3.3 మెగా ఓముల మీద వోల్టేజీగా మారి కొత్త ఆఫ్‌సెట్ తెస్తుంది. దాని వెనకాల వచ్చే ఆప్‌ఆంప్ కూడా ఫెట్ ఇన్‌పుట్ రకానిదే అయివుండాలి. ల్యాబ్‌లో దొరికింది కదా అని 741 పెట్టేస్తారు. దాని బయాస్ కరెంటు 80 నానోఆంపియర్లు అనుకుంటే 3.3 మెగా ఓముల మీద 0.26 వోల్టులు. తర్వాతి గెయిన్ 100 అయితే మళ్లీ సాచురేషన్ (అవుట్‌పుట్ అంచుకు అతుక్కుపోవడం), మొదటికే మోసం. టీఎల్072 లాంటి దానిలో ఆ కరెంటు పికోఆంపియర్లలో ఉంటుంది కాబట్టి ఈ బెడద ఉండదు.

రెండో దశలో 1 కిలో ఓము, 100 కిలో ఓములతో గెయిన్ 101. మొత్తం కలిపి వెయ్యికి దగ్గర, అంటే 1 మిల్లీవోల్టు 1 వోల్టు అవుతుంది. ఆ 100 కిలో ఓముల రెసిస్టర్‌కు సమాంతరంగా 10 నానోఫారడ్ పెడితే పై కటాఫ్ 159 హెర్ట్జ్. డయాగ్నోస్టిక్ ఈసీజీకి వాడే 0.05 నుంచి 150 హెర్ట్జ్ పరిధి వచ్చేసింది. ఇది ఒక్క పోల్ ఫిల్టరే కాబట్టి శాంప్లింగ్ 360 దగ్గర పెట్టకండి, 1000 హెర్ట్జ్ పెట్టండి, ఎలియాసింగ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీగా కనబడటం) భయం తగ్గుతుంది. మైక్రోకంట్రోలర్‌కు కలిపే ముందు సిగ్నల్‌ను 0 నుంచి 3.3 వోల్టుల మధ్యకు జరిపి, బయటకు పోకుండా క్లాంప్ చేయండి. ఈ అడుగు మరిచిపోతే మైనస్ వోల్టేజీ పడి పిన్ చచ్చిపోతుంది.

0.05 హెర్ట్జ్ ఫిల్టర్‌తో వచ్చే చిక్కు ఇంకొకటి చెప్పాలి. దాని టైమ్ కాన్‌స్టెంట్ 3.3 సెకన్లు. మనిషి చేయి కదిపాడంటే గీత అంచుకు ఎగిరిపోయి, తిరిగి స్థిరపడటానికి పది సెకన్లకు పైగా పడుతుంది. సర్క్యూట్ పనిచేయడం లేదని ఆ పది సెకన్లలోనే తీగలు పీకేస్తారు. ఆగి చూడండి.

మెయిన్స్ గోల తగ్గించడం అసలైన పాఠం. చిప్ డేటాషీట్‌లో కామన్ మోడ్ రిజెక్షన్ (రెండు ఇన్‌పుట్‌లకూ ఒకేలా వచ్చే వోల్టేజీని అణచగల సామర్థ్యం) 100 డెసిబెల్స్ అని ఉంటుంది, అయినా తెర నిండా 50 హెర్ట్జ్ కనిపిస్తుంది. కారణం చిప్‌లో లేదు, ఎలక్ట్రోడ్లలో ఉంది. ఇన్‌పుట్ కేబుల్‌కు 300 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 10 మెగా ఓములు. రెండు ఎలక్ట్రోడ్ల ఇంపీడెన్స్‌లో తేడా 20 కిలో ఓములు ఉంటే, శరీరం మీదున్న 10 మిల్లీవోల్టుల కామన్ మోడ్‌లో 500వ వంతు, అంటే 20 మైక్రోవోల్టులు, నిజమైన సిగ్నల్ వేషంలో లోపలికి వచ్చేస్తాయి. దాన్ని ఎంత మంచి చిప్ అయినా ఆపలేదు. కాబట్టి చర్మాన్ని తుడిచి, కాస్త రుద్ది, తాజా జెల్ ఎలక్ట్రోడ్లు వేయండి. తీగలు రెండూ మెలిపెట్టి ఒకే పొడవు ఉంచండి. ఆ ఉమ్మడి వోల్టేజీని తలకిందులు చేసి కుడికాలి ఎలక్ట్రోడ్ ద్వారా శరీరానికి తిరిగి పంపే డ్రివెన్ రైట్ లెగ్ సర్క్యూట్‌తో కామన్ మోడ్‌నే తగ్గించండి. ఇవన్నీ చేశాకే నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని కోసేసే ఫిల్టర్) గురించి ఆలోచించండి. బాగా ఇరుకైన నాచ్ ప్రతి క్యూఆర్ఎస్ (ఈసీజీలో నిటారుగా లేచే పెద్ద అల) తర్వాత గంట కొట్టినట్టు ఊగుతుంది, ఆ ఊగుడును వ్యాధి లక్షణంగా పొరబడే ప్రమాదం ఉంది.

భద్రత మీద రాజీ వద్దు. కుడికాలికి వెళ్లే తీగలో 390 కిలో ఓముల రెసిస్టర్ తప్పకుండా ఉండాలి. ఆప్‌ఆంప్ చెడిపోయి 9 వోల్టులూ అటే పంపినా శరీరంలోకి 23 మైక్రోఆంపియర్లకు మించి పోవు. రెండు సిగ్నల్ తీగల్లోనూ ఒక శాతం టాలరెన్స్ ఉన్న 220 కిలో ఓములు పెట్టండి. ఐదు శాతం రకం పెడితే పైన చెప్పిన అసమతుల్యాన్ని మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. వైద్య విద్యుత్ పరికరాల భద్రతకు ఉన్న ఐఈసీ 60601-1 ప్రమాణంలో గుండెకు నేరుగా తాకే సీఎఫ్ రకం పరికరాలకు పేషెంట్ లీకేజీ (రోగి శరీరం గుండా పోయే కరెంటు) పరిమితి మామూలు స్థితిలో 10 మైక్రోఆంపియర్లు, ఒక లోపం వచ్చినప్పుడు 50. శరీరానికి తగిలినా గుండెను నేరుగా తాకని బీఎఫ్ రకానికి 100, 500. ఈ అంకెలు గుర్తుండాలి. కంప్యూటర్‌కు కలిపేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి, అంతకంటే మేలు బ్లూటూత్‌తో పంపడం. ప్లగ్గుకు కలిపిన ఆసిలోస్కోప్‌ను మనిషికి తగిలించిన సర్క్యూట్‌కు ఎప్పుడూ కలపకండి, దాని ప్రోబ్ గ్రౌండ్ నేరుగా భూమికి వెళ్తుంది.

మనిషి మీద పెట్టడం చివరి అడుగు, అది కూడా మీ విభాగం అనుమతితోనే. ముందు ఫంక్షన్ జెనరేటర్ నుంచి 1 వోల్టు తీసి, 100 కిలో ఓములు, 100 ఓముల డివైడర్‌తో 1 మిల్లీవోల్టు చేసి పరీక్షించండి. 0.02 నుంచి 500 హెర్ట్జ్ దాకా పాతిక చోట్ల గెయిన్ కొలిచి గ్రాఫ్ గీయండి. తర్వాత రెండు ఇన్‌పుట్‌లూ కలిపేసి, అవుట్‌పుట్ నాయిస్ కొలిచి, మొత్తం గెయిన్‌తో భాగించి ఇన్‌పుట్ వద్ద ఎంతో రాయండి. ఈ గ్రాఫ్, ఈ అంకె రిపోర్టులో లేకపోతే మీ దగ్గర ఉన్నది ఒక ఫొటో మాత్రమే.

సాఫ్ట్‌వేర్, డేటా

కట్టిన తర్వాత అదే సిగ్నల్‌ను పైథాన్‌లోనో మాట్‌ల్యాబ్‌లోనో తీసుకోండి. 1000 హెర్ట్జ్ శాంప్లింగ్‌కు 0.05 హెర్ట్జ్ కటాఫ్ ఉన్న హయ్యర్ ఆర్డర్ ఫిల్టర్‌ను న్యూమరేటర్, డినామినేటర్ రూపంలో రాస్తే అంకెల ఖచ్చితత్వం చాలక అవుట్‌పుట్ పేలిపోతుంది. సెకండ్ ఆర్డర్ సెక్షన్ల రూపం వాడండి. ముందుకు, వెనక్కి రెండుసార్లు నడిపే జీరో ఫేజ్ ఫిల్టర్ రికార్డు చేసిన డేటాకు బాగుంటుంది గానీ మానిటర్‌లో పెట్టలేరు, దానికి రాబోయే శాంపిళ్లు కూడా కావాలి కదా.

బేస్‌లైన్ ఊగిసలాట పోవాలని కటాఫ్‌ను 0.5 హెర్ట్జ్‌కు పెంచేస్తారు. గుండె వేగం మాత్రమే చూడాలంటే పర్వాలేదు, బెడ్ పక్కన మానిటర్లు 0.5 నుంచి 40 హెర్ట్జ్ వాడతాయి. కానీ మామూలు అనలాగ్ ఫిల్టర్‌తో అలా చేస్తే ఎస్‌టీ భాగం (క్యూఆర్ఎస్ వెంటనే వచ్చే గీత) వంగిపోతుంది. గుండెపోటు గుర్తించడానికి డాక్టర్ చూసేది సరిగ్గా ఆ భాగాన్నే. కాబట్టి రిపోర్టులో ఫిల్టర్ రాసేటప్పుడు 'ఈ సెట్టింగ్‌తో ఏ నిర్ణయం తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు' అన్నది కూడా రాయండి. ఎలక్ట్రికల్ విద్యార్థికీ మీకూ తేడా కనిపించేది ఇలాంటి వాక్యంలోనే.

ఆర్ శిఖరాలు (క్యూఆర్ఎస్‌లోని పై కొనలు) పట్టడానికి పాన్, టాంప్కిన్స్ 1985లో ఇచ్చిన పద్ధతిని సొంతంగా రాయండి: 5 నుంచి 15 హెర్ట్జ్ బ్యాండ్ పాస్, డెరివేటివ్, వర్గం చేయడం, 150 మిల్లీసెకన్ల కదిలే సగటు, ఆపై మారుతూ ఉండే థ్రెషోల్డ్. పరీక్షకు ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఎంఐటీ-బీఐహెచ్ అరిత్మియా డేటాబేస్ చాలు. 47 మంది నుంచి తీసిన 48 రికార్డులు, ఒక్కోటి అరగంట, 360 హెర్ట్జ్. ఈ డేటా మీదే మెషీన్ లెర్నింగ్ చేసి 99 శాతం వచ్చిందని రాసే ప్రాజెక్టులు కోకొల్లలు. వాటిలో చాలావాటికి ఒకే జబ్బు: గుండె చప్పుళ్లన్నిటినీ కలిపేసి ట్రెయిన్, టెస్ట్‌గా పంచుతారు. ఒకే మనిషి చప్పుళ్లు రెండు వైపులా పడతాయి, మోడల్ వ్యాధిని కాకుండా మనిషిని గుర్తుపడుతుంది. పంచాల్సింది మనుషుల వారీగా. అలా పంచితే అంకె గట్టిగానే పడిపోతుంది. పడిన అంకెనే రాయండి. ఇంటర్వ్యూలో గౌరవం దానికే దక్కుతుంది.

మిగతా దారుల వాళ్లకు

ఇదే లోతు మీ దారిలో వెతుక్కోండి. మెకానిక్స్ అయితే తుంటి కీలు మంచి విషయం. నడిచేటప్పుడు ఆ కీలు మీద శరీర బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల బలం పడుతుంది. గట్టి ఎముక ఎలాస్టిక్ మాడ్యులస్ 15 నుంచి 20 గిగాపాస్కల్స్, టైటానియం మిశ్రమానిది 110, స్టీలుది 200కు దగ్గర. గట్టి ఇంప్లాంట్ బరువంతా తానే మోసేస్తే పక్కనున్న ఎముక పని లేక పలచబడి, ఇంప్లాంట్ వదులవుతుంది. ఒక కాంపోజిట్ బీమ్ లెక్కతో బరువు ఎంత ఎవరి వాటాకు వస్తుందో కాగితం మీద తేల్చండి, ఆ తర్వాతే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ తెరవండి. మెష్‌లోని ముక్కల సైజును సగానికి తగ్గించినా జవాబు మారకపోతేనే రంగుల చిత్రాన్ని నమ్మండి.

కణజాలం వైపు వెళ్లేవాళ్లు డిఫ్యూజన్‌తో మొదలుపెట్టాలి. రక్తనాళం నుంచి 100, 200 మైక్రాన్లు దాటితే కణాలకు ఆక్సిజన్ అందదు. మందమైన కణజాలం ల్యాబ్‌లో పెంచడం ఇంత కష్టం కావడానికి మొదటి కారణం అదే. చేతిపని విషయానికొస్తే, మైకోప్లాస్మా కలుషితం మామూలు సూక్ష్మదర్శినిలో కనిపించదు, మీడియం కూడా మసకబారదు. నెలల డేటా పాడైపోయాక బయటపడుతుంది, కనుక క్రమం తప్పకుండా టెస్ట్ చేయించాలి.

ఇమేజింగ్ వాళ్లు సీటీ రీకన్‌స్ట్రక్షన్‌ను లైబ్రరీ వాడకుండా ఒకసారి రాయాలి. ఫిల్టర్ లేని బ్యాక్ ప్రొజెక్షన్ ఎందుకు మసకగా వస్తుందో కళ్లారా చూస్తే ఫూరియే పేపర్ మీద ఇక భయం ఉండదు.

ప్రమాణాలను నాలుగో ఏడాదికి వదిలేయకండి

క్లాసులో ఇవి చప్పగా ఉంటాయి. పని చేసే చోట రోజూ అవసరమయ్యేవి ఇవే: రిస్క్ నిర్వహణకు ఐఎస్ఓ 14971, నాణ్యతా వ్యవస్థకు ఐఎస్ఓ 13485, సాఫ్ట్‌వేర్‌కు ఐఈసీ 62304, శరీరానికి తగిలే పదార్థాలకు ఐఎస్ఓ 10993. నాలుగూ మొత్తం చదవక్కర్లేదు. మీ ఈసీజీకి 14971 పద్ధతిలో ఒక్క పట్టిక రాయండి: ప్రమాదం ఏమిటి, ఏ వరుస సంఘటనలతో అది రోగి దాకా వస్తుంది, తీవ్రత ఎంత, ఎంత తరచుగా జరగొచ్చు, ఏం చేసి తగ్గించారు, తగ్గిందని ఎలా పరీక్షించారు. ఇరవై వరుసలు చాలు. 'ఎలక్ట్రోడ్ ఊడిపోయింది, తెర మీద చదునైన గీత వచ్చింది, గుండె ఆగిందనుకున్నారు' అనే వరుస రాయగానే, ఎలక్ట్రోడ్ ఊడితే గుర్తించే సర్క్యూట్ ఎందుకుండాలో మీకే తడుతుంది.

62304 ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే థెరాక్-25 రేడియేషన్ యంత్రం చరిత్ర చదవండి. 1985, 1987 మధ్య ఆరు ప్రమాదాల్లో రోగులకు మోతాదు విపరీతంగా మించిపోయింది, కొందరు చనిపోయారు. పాత మోడల్‌లో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లను తీసేసి భద్రతంతా సాఫ్ట్‌వేర్‌కు వదిలేశారు. ఆపరేటర్ వేగంగా టైప్ చేసి సవరణ చేసినప్పుడు మాత్రమే బయటపడే టైమింగ్ లోపం అందులో ఉంది. నెమ్మదిగా చేసిన పరీక్షల్లో అది దొరకలేదు.

పల్స్ ఆక్సీమీటర్‌ది ఇంకో రకం పాఠం. 660, 940 నానోమీటర్ల కాంతి నిష్పత్తిని ఆక్సిజన్ శాతంగా మార్చే పట్టిక సిద్ధాంతం నుంచి రాదు, ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద కొలిచి తయారుచేస్తారు. ఆ వాలంటీర్లలో అన్ని రకాల చర్మపు రంగులవాళ్లు సరిపడా లేకపోతే నల్లని చర్మం ఉన్నవాళ్లలో రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించగలదు. ఇది 2020లో మళ్లీ పెద్ద చర్చకు వచ్చింది. మీ పరికరం ఎవరి మీద పరీక్షించారో రిపోర్టులో రాయడం అందుకే ముఖ్యం. హాస్టల్ గదిలో ఉన్న నలుగురు స్నేహితులు 'జనాభా' కారు.

ఆసుపత్రిలో ఏం చూడాలి

అవకాశం దొరికితే రెండు వారాలైనా బయోమెడికల్ విభాగంలో గడపండి. పరికరం లోపల ఏముందో చూడటం కంటే దాన్ని ఎలా వాడుతున్నారో చూడటం ముఖ్యం. ఏ అలారం మోగినా ఎవరూ తల తిప్పడం లేదు? ఏ కేబుల్‌కు టేపు చుట్టి ఉంది? తుడిచే రసాయనానికి ఏ ప్లాస్టిక్ పగులుతోంది? చేతికి గ్లౌజు ఉంటే ఏ బటన్ పనిచేయడం లేదు? ఇన్‌ఫ్యూజన్ పంపును పరీక్షించేటప్పుడు గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పెట్టారు, ఎన్ని వచ్చాయి, గొట్టం నొక్కితే అలారానికి ఎంతసేపు పట్టింది అన్నవి మీరే కొలిచి రాసుకోండి. తక్కువ వేగంలో పెడితే ఆ అలారం నిమిషాల తరబడి ఆలస్యమవుతుంది, ఎందుకంటే పీడనం పెరగడానికి గొట్టంలో అంత ద్రవం చేరాలి. మళ్లీ అదే కెపాసిటర్ లెక్క. రోగుల పేర్లు, ఫొటోలు మీ నోటుబుక్కులోకి రాకూడదు.

చివరి ఏడాది ప్రాజెక్టు ఈ పరిశీలనల నుంచే తీసుకోండి, 'ఐఓటీతో ఆరోగ్య పర్యవేక్షణ' లాంటి గాలి శీర్షిక వద్దు. 'గ్లౌజు వేసుకున్న నర్సు 10 సెకన్లలో బ్యాటరీ మార్చగలగాలి' అన్నది కొలవగల అవసరం. మొదటి నాలుగు వారాల్లో అలాంటివి ఎనిమిదికి మించకుండా రాసి, గైడ్‌తోనూ దాన్ని వాడబోయేవాళ్లతోనూ సంతకం పెట్టించుకోండి. ఆ తర్వాత కొత్తవి చేర్చకండి. ఒక్కోదానికి ఎదురుగా దాన్ని ఎలా పరీక్షిస్తారో అప్పుడే రాయాలి. పరీక్ష తోచకపోతే ఆ వాక్యాన్ని తిరగరాయండి. పరీక్షలకు కనీసం ఆరు వారాలు అట్టిపెట్టండి. బోర్డు మొదటిసారి పనిచేయదు, విడిభాగం ఆలస్యంగా వస్తుంది, అనుమతి కాగితం ఎక్కడో ఆగుతుంది. ఈ మూడూ దాదాపు ప్రతి బృందానికీ ఎదురవుతాయి కాబట్టి ఎథిక్స్ అనుమతికి దరఖాస్తు మొదటి నెలలోనే పెట్టేయండి.

ఇక ఎలెక్టివ్‌ల విషయానికొస్తే: ఎంచుకున్న దారిలో కనీసం మూడు పేపర్లు మాతృ విభాగంలోనే, అంటే ఎలక్ట్రికల్ లేదా మెకానికల్ విద్యార్థులతో కలిసి తీసుకోండి. సిగ్నల్స్ వాళ్లకు అనలాగ్ సర్క్యూట్లు, డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ సిస్టమ్స్. మెకానిక్స్ వాళ్లకు సాలిడ్ మెకానిక్స్, ఫైనైట్ ఎలిమెంట్, మెటీరియల్స్ ఫెయిల్యూర్. నాలుగోదిగా బయోస్టాటిస్టిక్స్ ఎవరికైనా తప్పనిసరి. మార్కులు కాస్త తగ్గినా ఆ గదుల్లోనే మీకు లేదనిపిస్తున్న లోతు దొరుకుతుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఆ పేపర్లకు కావాల్సిన ముందస్తు సబ్జెక్టులు చూసుకోండి, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ రెండో ఏడాదిలో పూర్తి కాకపోతే సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్‌కు తలుపు మూసుకుపోతుంది.